పైకప్పులోంచి ఉప్పు

మూడో చుక్కకి మెలకువొచ్చింది.
నాలుగోది పెదవి మీద పడింది.
ఉప్పగా ఉంది.

ఓస్త్రవాలో సముద్రం లేదు.
ఏ తీరానికైనా రాత్రంతా రైలు,
నేనింతవరకు ఆ రైలెక్కలేదు.
గొట్టం పగిలితే తుప్పు రుచి రావాలి,
స్నానాలగది కారితే సబ్బు రుచి.
ఉప్పెక్కడిది?

మంచం మీద బకెట్టు పెట్టి
రాత్రి గౌను మీదే కోటేసుకుని మెట్లెక్కాను.

లూబోష్ తలుపు తీసే ఉంది.
ట్రాముల డిపోలో మెకానిక్కు, ఆరడుగుల మనిషి,
అలమర ముందు మోకాళ్ల మీద కొవ్వొత్తితో.
ఇంట్లోని తువాళ్లన్నీ నేల మీద.
పైన గాజుతొట్టెలో రెండే రెండు చేపలు,
తమకేం సంబంధం లేదన్నట్టు.

"కరెంటు పోయింది యార్మిలగారూ," అన్నాడు.
అది క్షమాపణ అని తర్వాత అర్థమైంది.

పై తొట్టె అంచు పొర్లి
గొట్టంలో దిగుతుందట నీరు
అలమరలో దాక్కున్న రెండో తొట్టెలోకి. దాన్ని సంప్ అంటాడు.
మేజోడులాంటి సంచిలో ముతక మడ్డి వదిలి
అడ్డుగాజులు దాటి
పంపు తోస్తే మళ్లీ పైకి.
పంపు ఆగితే?
ఎక్కిన గొట్టంలోంచే వెనక్కి జారింది,
ఎవరూ పీల్చకుండానే,
సంప్ నిండి, అలమర నిండి,
నా నిద్ర దాకా.

గొట్టానికి నీటి అంచున ఒక బెజ్జం ఉండాలి.
గాలి దూరితే ధార తెగుతుంది.
తెలుసు. మర్చిపోయాడు.
మూడు మిల్లీమీటర్ల మతిమరుపు.

కరెంటొచ్చింది. అప్పుడు చూశాను
సంప్ నడిగదిలో ఒక నిలువు గొట్టం,
లోపల పాలు పొంగుతున్నట్టు.
"స్కిమ్మర్," అన్నాడు. "చేపల మడ్డిని
బుడగలకి అంటించి పైకి లాగాలి.
ఒకరోజు చుక్క నురుగుండదు,
ఒకరోజు గిన్నె పొర్లి పోతుంది."

నాకు నవ్వొచ్చింది.
ఇరవై ఏడేళ్లు బొగ్గు కడిగే కర్మాగారంలో
నురుగు తొట్ల దగ్గర నిలబడ్డదాన్ని.
నల్లనీళ్లలోకి గాలి ఊదేవాళ్లం.
పొడి బొగ్గు బుడగని పట్టుకుని పైకొచ్చేది,
రాయి అడుక్కి పోయేది,
తెడ్లు తిరిగి మీగడ తీసేవి.
అక్కడ పైకి తేలింది మా జీతం.
ఇక్కడ తేలేది మురికి.
బుడగకి ఆ తేడా తెలీదు.

"నీళ్లు ఊగితే నురుగూ ఊగుతుంది.
కింద ఎత్తు పెట్టు. మర తిప్పు. కొంచెం.
ఇంకో వెంట్రుకవాసి. ఇక ముట్టుకోకు."
ట్రాము చక్రాలు విప్పే వేళ్లు
చంటిబిడ్డ చెవి పట్టుకున్నట్టు తిప్పాయి.

మెడ దాకా వచ్చి నిలబడింది నురుగు,
గట్టిగా, ముద్దగా.
నాకు గర్వం ముదిరింది.
అడ్డుగాజు సర్దుదామని
మోచేతి దాకా చెయ్యి ముంచాను.

ఠప్పున చచ్చింది నురుగు.

పడుకోబోయే ముందు చేతులకి రాసుకున్న జిడ్డు క్రీము.
మా దగ్గర నూనె చుక్క పడితేనే నురుగు లేచేది,
ఇక్కడ అదే విషం.
అతనేమీ అనలేదు. టీ పెట్టాడు.
నేను పైకప్పు సంగతి ఎత్తలేదు.
ఖాళీ గొట్టాన్ని చూస్తూ తెల్లారింది ఇద్దరికీ.

ఎనిమిదో రోజు గిన్నెతో నా గడపలో,
కొత్త కారు కొన్నవాడిలా.
ముదురు టీ రంగు, పైన జిగురు తెట్టె,
ముక్కు పగిలే కంపు.
"మంచి పని," అన్నాను.
కర్మాగారం మూశాక
ఆ మాట ఎవరితోనూ అనలేదు.

పైకప్పు మచ్చ ఎండి తెల్లగా పొలుసు కట్టింది.
రంగేస్తానంటాడు ప్రతి ఆదివారం.
చూద్దాంలే అంటాను.

అతను డ్యూటీకెళ్లిన రాత్రుళ్లు
పంపు సన్నటి మోత నా మంచం దాకా వస్తుంది.
మొన్న మళ్లీ కరెంటు పోయింది.
మోత ఆగింది.
చీకట్లో లెక్కపెట్టాను, తొమ్మిది, పది, పదకొండు,
పైన గొట్టం గుటుక్కున గాలి మింగింది.

పక్కకి తిరిగి పడుకున్నాను.